అత్తమ్మ హస్తవాసి

మా మేనత్తకు తన కుడిచేయి అంటే భయం. ఆ భయం పెట్టింది నేను.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. పనిచేసే చోట అసలే తెలియదు. మా ఆయనకు సగం తెలుసు, ఆ సగంలో నేను మంచిదాన్నే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు మొత్తం చెప్పగలననిపిస్తోంది. ఒక్కటే మనవి. చెబుతూ చెబుతూ ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, అక్కడ మాత్రం నన్ను నమ్మకండి. ఆ విద్యలో నాకు మంచి అలవాటుంది.

మేనత్త అంటే మా నాన్నకు అక్క. ఉప్పుగూడలో రైలు పట్టాలకు దగ్గరగా ఇల్లు. మామయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, చేస్తుండగానే పోయాడు. పిల్లలు లేరు. నేను ఆమె దగ్గరే సగం పెరిగాను. బడి సెలవులన్నీ ఆ ఇంటి వాకిట్లోనే గడిచాయి. ఆ వాకిట్లో ప్రతి గురువారం పొద్దున్నే అత్తమ్మ పచ్చకామెర్లకు పసరు పోసేది.

ఆ పసరుకు కొన్ని కట్లు ఉండేవి. ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు. పైసా తీసుకోకూడదు. వచ్చినవాళ్ళందరికీ పోసేదాకా అత్తమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. తాగినవాళ్ళు ఉప్పు, నూనె మానేసి పథ్యం ఉండాలి. జబ్బు తగ్గితే ఒక కొబ్బరికాయ తెచ్చి గడప దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి, అంతే. పాతబస్తీ నలుమూలల నుంచీ వచ్చేవాళ్ళు. గుమాస్తాలు, ఆటోవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న బురఖా తల్లులు. వాళ్ళతో అత్తమ్మ తనకొచ్చిన ఉర్దూలో, ఖాలీ పేట్ ఆనా, చాయ్ భీ నక్కో అని, అంటే పరగడుపున రావాలి, చాయ్ కూడా తాగొద్దని గట్టిగా చెప్పేది.

ఒక సంగతి చెప్పాలి. జనం ఆకును నమ్మలేదు, చేతిని నమ్మారు. ఆమె హస్తవాసి మంచిదనేవారు. అదే ఆకు ఇంకెవరు నూరిపోసినా పనిచేయదని వాళ్ళ నమ్మకం. ఎండాకాలం వస్తే వాడకట్టులో ఆవకాయ కలపడానికి కూడా ఆమెనే పిలిచేవాళ్ళు. ఆమె చెయ్యి పడితే జాడీకి ఏడాదిదాకా బూజు రాదట. అత్తమ్మ నవ్వి, చెయ్యి కాదే, ఉప్పు సరిగ్గా పడాలె అనేది గానీ, పిలిస్తే మాత్రం ముందురోజే గోళ్ళు తీసుకుని సిద్ధంగా ఉండేది. ఆ చేతి మీద ఆమెకు ముచ్చట ఉండేది. విధవరాలిగా ఆమెకు మిగిలిన పరువు అంతా అందులోనే ఉండేదని నాకు తరవాత అర్థమైంది. తరవాతే.

పసరు విద్య మా నానమ్మ నుంచి వచ్చింది. చనిపోయేముందు నానమ్మ అత్తమ్మ దోసిట్లో నీళ్ళు ధారపోసి, చెవిలో ఆకు పేరు చెప్పిందట. ధారపోస్తేనే చేతి గుణం చేతికి దిగుతుంది. ఉత్తగా పేరు తెలిసినంత మాత్రాన ఏమీ రాదు. నా తర్వాత నీకే అని అత్తమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూ ఉండేది. నేను సైన్సు చదివాక నవ్వుకునేదాన్ని. నవ్వుకున్నా, ఆ మాట నాకు ఇష్టంగానే ఉండేది.

కరోనాకు ముందు సంగతి ఇది. నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ ఒక ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. ఫోను కెమెరాతో కంటి తెల్లగుడ్డును ఫొటో తీసి, కామెర్లు ఎంత ఉన్నాయో ఒక అంకె చెప్పే పద్ధతి మాది. ఊళ్ళలో ల్యాబులు లేనిచోట పనికొస్తుందని సారు ఆశ. కంటి కింద ఒక రంగుల కార్డు పట్టుకుని ఫొటో తీయాలి. అప్పుడే రక్తం కూడా తీసి ల్యాబుకు పంపాలి. ఫోను చెప్పింది, రక్తం చెప్పింది ఒకటేనా కాదా అని తేల్చడమే మా పని. అంటే ఆ ఫోను అంకె ఇంకా ఎందుకూ పనికిరాదు. దాన్ని రోగికి చెప్పకూడదు, వైద్యానికి వాడకూడదు అని సారు మొదటి రోజే కచ్చితంగా చెప్పారు. చెప్పినవాళ్ళు ప్రాజెక్టులో ఉండరని కూడా అన్నారు. ఇంకో రెండు నియమాలు ఉండేవి. ఫొటో ఆరుబయట వెలుతురులోనే తీయాలి. రక్తం రిపోర్టులో ప్రమాదం కనిపిస్తే ఆ రోజే రోగికి ఫోను చేసి ఆసుపత్రికి పంపాలి, సారుకు చెప్పాలి.

కామెర్ల రోగులు ఒకేచోట ఎక్కడ దొరుకుతారని సారు తల పట్టుకుంటే, మా అత్తమ్మ వాకిట్లో అని చెప్పింది నేనే. సారుకు రెండింతల సంతోషం. ప్రాజెక్టులో రెండో భాగం మందు మొక్కల మీద. అత్తమ్మను ఒప్పించే పని నా మీద పడింది. ఆమె రెండు రోజులు ఆలోచించి, నీకు ధారపోస్తే అది నీదైతది, నీది నువ్వు మీ సారుకు చూపించుకుంటే నాకు తప్పు లేదు, ముందు ఈ ఫొటోల పని కానీ అంది. నా చదువు కోసం నానమ్మ కట్టును అంతదాకా వంచింది.

మొదట్లో నేను నియమం ప్రకారమే ఉన్నాను. ఫొటో తీస్తే జనం ఊరుకుంటారా? ఎంత వచ్చింది మేడం అని అడుగుతారు. ఒకరికి చెప్పాను. ఒకరికి చెప్పాక రెండోవాళ్ళకు ఎందుకు చెప్పవంటారు. కొన్ని వారాలకు అత్తమ్మే అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె పద్ధతి ఏమిటంటే, మనిషిని చూసి ఏమాత్రం అనుమానం వచ్చినా పసరు పోయకుండా పెద్దాసుపత్రికి పొమ్మనేది. ఆమె అనుమానాలు చాలాసార్లు వట్టివే. వాళ్ళు పోయి చూపించుకుని, ఏమీ లేదట అమ్మా అని తిరిగొచ్చేవారు. పోయిన్రు వచ్చిన్రు, పోయిందేముంది అనేది. నేను వచ్చాక ఆ పొమ్మనడం తగ్గింది. నీ మిషన్ ఏమంటది బిడ్డా అని నా వైపు చూసేది. వాకిట్లో వాళ్ళంతా నా వైపు చూసేవాళ్ళు.

ఆ చూపు నాకు బాగుండేది. ఇది ఒప్పుకోకుండా మిగిలినదంతా ఒప్పుకుని లాభం లేదు. యూనివర్సిటీలో నేను చిట్టచివరి వరసలో దాన్ని. ఇక్కడ నేను అంకె చెబితే అత్తమ్మ గిన్నె ఎత్తేది. ఉబ్బిపోయాను.

స్వరూప ఆ వానాకాలంలో వచ్చింది. పురానాపూల్ వైపు ఇల్లు. మొగుడు ఆటో నడుపుతాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని గాజులకు రాళ్ళు అతికించే పని చేసేది. వేళ్ళకు ఎప్పుడూ జిగురు ఎండి ఉండేది. నా కంటే చిన్నది. మొదటి గురువారం రక్తం తీస్తుంటే కళ్ళు మూసుకుని నవ్వింది. నా బోసి చేతులు చూసి, చదువుకున్నోళ్ళు గాజులేసుకోరా అక్కా అని అడిగింది. రెండో గురువారం వస్తూ ఒక జత తెచ్చి, వద్దంటే వినకుండా నా చేతికి తొడిగింది. ఎర్రరాళ్ళవి. అవి ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. వేసుకోలేను, పారేయలేను.

ఆ రెండో గురువారం వాన. వాకిలి మీద అత్తమ్మ నీలం టార్పాలిన్ కట్టించింది. దాని కింద అందరి మొహాలూ నీలంగా ఉన్నాయి. ఫొటో బయటికి తీసుకెళ్ళి తీయాలి. బయట కుండపోత. రంగుల కార్డు ఎంతోకొంత సరిచేస్తుందిలే అనుకుని టార్పాలిన్ కిందే తీసేశాను. నీలం వెలుతురు పసుపును తగ్గించి చూపిస్తుందని, కార్డు దాన్ని పూర్తిగా సరిచేయదని మాకు పాఠంలోనే చెప్పారు. స్వరూప అంకె పోయినవారం కంటే బాగా తగ్గింది. అంత తొందరగా తగ్గదే అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని నేనే అవతలికి నెట్టేశాను.

అత్తమ్మ గిన్నె పట్టుకుని స్వరూప మొహంలోకి చూస్తూ ఆగింది. ఎందుకో మనసు ఒప్పుత లేదు, పెద్దాసుపత్రికి పంపుదామా అని నన్ను మెల్లగా అడిగింది. అది ఆమె పాత అనుమానమే. వట్టిది కావచ్చు, నిజం కావచ్చు. నేను మాత్రం అంకె చూపించి, తగ్గుతోంది అత్తమ్మా, ఇవ్వు అన్నాను. అత్తమ్మ ఇచ్చింది. స్వరూప మొగుడికి చేయి ఊపి, తగ్గుతుందంట అని చెప్పింది. అతను ఆటోలోంచి నవ్వాడు.

శనివారం నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. ఆ గురువారం తీసిన ఆమె రక్తం రిపోర్టు కంప్యూటర్లో వచ్చింది. కామెర్లు తగ్గలేదు, పెరిగాయి. అంతకంటే పెద్ద సంగతి, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోంది. అంటే కాలేయం చేతులెత్తేస్తోంది. ఇది చదవడానికి డాక్టరు కానక్కర్లేదు. ప్రమాదమని ఆ అంకె కింద ఎర్రగీత వచ్చింది.

ఫోను తీశాను. ఆమె నంబరు ఉంది. నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదు? ఎన్నోసార్లు అడుక్కున్నాను. ఫోను చేస్తే, మరి మొన్న తగ్గుతుందన్నారు కదా అని ఆమె అడుగుతుంది. ఆసుపత్రిలో ఆ మాటే చెబుతుంది. అది సారు దాకా పోతుంది. అంకె చెప్పానని, టార్పాలిన్ కింద ఫొటో తీశానని, ఇన్నాళ్ళూ ఇదే చేస్తున్నానని అంతా బయటపడుతుంది. ఇది నేను చాలాకాలం నాకు చెప్పుకున్న కారణం. కానీ ఏమీ అడగనివ్వకుండా, వెంటనే ఆసుపత్రికి పోమ్మా అని ఒక్కమాట చెప్పి పెట్టేయొచ్చు కదా. అత్తమ్మకు చెప్పి ఆమెతో చెప్పించొచ్చు కదా. ఆమె ఉన్నపళంగా పంపించేది. అవేవీ ఎందుకు చేయలేదు? జవాబు దొరకలేదంటే అబద్ధం. దొరికింది. అత్తమ్మ ముందు, ఆ వాకిట్లో వాళ్ళ ముందు నా అంకె తప్పని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఒక మనిషి ప్రాణానికి అవతల తక్కెట్లో నేను పెట్టింది అదీ. గురువారం ఎలాగూ వస్తుంది, అప్పుడు కొత్త ఫొటో తీసి, ఈసారి పెరిగింది, ఆసుపత్రికి వెళ్ళు అని మర్యాదగా చెబుదాం అనుకున్నాను. ఆదివారం ఇంట్లో పూరీలు చేసుకున్నాం. తిన్నాను కూడా.

గురువారం ఆమె రాలేదు. మొగుడు వచ్చాడు.

మంగళవారం నుంచి ఆమె మాట తడబడిందట. మనుషుల్ని పోల్చుకోలేకపోయిందట. ఆటోలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. బుధవారం ప్రాణం పోయింది. ఇదంతా అతను నిలబడే, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. కోపం కూడా లేదు అతని గొంతులో. చేతిలో ఒక కొబ్బరికాయ ఉంది. తగ్గుతుందని చెప్పారని ఆ గురువారమే పోతూ పోతూ కొన్నదట. ఇంట్లో పెట్టుకోబుద్ధి కావడం లేదని చెప్పి, దాన్ని గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. తిరిగి చూడలేదు. కట్టు ప్రకారమే వెళ్ళాడు, పాపం.

వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. మందు వికటించిందని ఎవరో అన్నారు. ఒక్కొక్కరే లేచి పోయారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. అందరూ పోయాక అత్తమ్మ నల్లా దగ్గర కూర్చుని, పసరు గిన్నె ముందు పెట్టుకుని నన్ను పిలిచింది.

“బిడ్డా, నీ మిషన్ల ఆమెకు తగ్గినట్టే వచ్చింది గద?”

“వచ్చింది అత్తమ్మా.”

“మరి రక్తం గూడ తీస్కపోయినవ్ గద. అండ్ల ఏమొచ్చింది?”

ఇక్కడ ఆగుతున్నాను. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ ఇక్కడే ఆగుతాను. స్వరూప విషయంలో నేను చేసింది పిరికితనం, అహంకారం, ఏదైనా అనండి. ఆ శనివారమే ఆమెను ఆసుపత్రికి పంపితే బతికేదా? తెలియదు. బతకకపోవచ్చు కూడా. అలా అనుకుని కొన్ని రాత్రులు నిద్రపోయాను. కానీ అత్తమ్మ అడిగిన ఈ ప్రశ్నకు అలాంటి సందేహమేదీ లేదు. నిజం నా నోట్లో ఉంది. వినేవాళ్ళు కూడా ఎవరూ లేరు, మా ఇద్దరమే.

“అండ్ల గూడ మంచిగనే వచ్చింది అత్తమ్మా.”

ఆమె తల ఊపింది. కుడిచేయి తిప్పి చూసుకుంది.

“అట్లయితే నా చెయ్యే” అంది.

నేను కాదనలేదు. గిన్నెలోని పసరును తూములో పోసి, గిన్నె తోమి బోర్లించింది. తరవాతి గురువారం వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి, పెద్దాసుపత్రికి పొమ్మని తలుపు వేసుకుంది. కొన్నాళ్ళు వచ్చారు, పోయారు. తరవాత రావడం మానేశారు. అందరూ ఆసుపత్రికే పోయుంటారని అనుకోవాలని ఉంది నాకు. కానీ రెండు వీధుల అవతల ఒకాయన పైసలు తీసుకుని పసరు పోయడం మొదలుపెట్టాడు. ఆయన ఎవరినీ ఆసుపత్రికి పంపడని విన్నాను.

సారుకు నేను ఇంకో అబద్ధం చెప్పాను. రిపోర్టు చూసి ఫోను చేశాను, కలవలేదు అన్నాను. పాపం, నీ ప్రయత్నం నువ్వు చేశావు అన్నారాయన. ఫొటోల పని ఇంకోచోట పూర్తయింది. మొక్కల భాగం అటకెక్కింది. ధారపోస్తానన్నావు కదా అత్తమ్మా అని ఒకసారి సిగ్గులేకుండా అడిగాను కూడా. పోయిన చేత్తో ఏం ధారపోసేది, నీకు గూడ అంటుకుంటది అంది. నన్ను కాపాడుతున్నాననుకుంది ఆమె. ఆ ఆకు ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. అందులో మందు గుణం ఎంత ఉందో, కామెర్లు పథ్యానికి, విశ్రాంతికే తగ్గేవో తేల్చి చూసే అవకాశమూ పోయింది. నాకు పట్టా వచ్చింది. ఇప్పుడు నేను పిల్లలకు పాఠం చెబుతాను. రోగి పట్ల పరిశోధకుడి బాధ్యత అనే పాఠం కూడా ఉంది అందులో. బాగా చెబుతానని పేరు.

పసరు ఆగిపోతే ఆగిపోయింది, కొన్నాళ్ళకు మరిచిపోతుందిలే అనుకున్నాను. మరిచిపోలేదు. తరవాతి ఎండాకాలం ఆవకాయకు ఎవరి ఇంటికీ పోలేదు. తన ఇంట్లో జాడీకి కూడా పక్కింటి ఆమెను పిలిచి కలిపించుకుంది. నా బిడ్డ పుట్టాక, అన్నప్రాసన నాడు మొదటి ముద్ద అత్తమ్మే పెట్టాలని మా ఇంట్లో అందరూ అంటే, నా చెయ్యి వద్దు అని వెనక్కి జరిగి కూర్చుంది. అందరూ ఆమె మొహమాటమనుకున్నారు. నాకొక్కదానికే తెలుసు. బిడ్డ నోట్లో ముద్ద ఇంకెవరో పెడుతుంటే ఆమె కుడిచేయి కొంగు కింద దాచుకుని చూస్తోంది. అప్పుడు చెప్పాల్సింది. అప్పుడూ చెప్పలేదు. శుభకార్యంలో ఎందుకు అనుకున్నాను. నాకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

ఈ ఎండాకాలం వెళ్ళి చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, తెలుసు. కాలింది కూడా నా చేతులు కావు. అయినా వెళ్ళాను. అత్తమ్మ మామిడి ముక్కలు కోసి పెట్టింది, పక్కింటామె కలిపి వెళ్ళిపోయింది. అప్పుడు మొదలుపెట్టాను. టార్పాలిన్ గురించి చెప్పాను. శనివారం రిపోర్టు గురించి, ఎర్రగీత గురించి, నొక్కని నంబరు గురించి చెప్పాను. నల్లా దగ్గర అబద్ధం చెప్పానని చెప్పాను. ఏడ్చాను. ఆమె కత్తిపీట పక్కన పెట్టి అంతా విన్నది. విన్నాక నా మొహం తుడిచింది, ఎడమచేత్తో.

“నా పానం నిమ్మళమైతదని గిట్ల చెప్తున్నవ్ బిడ్డా” అంది. “నాకు తెల్వదా నువ్వు?”

నిజం అత్తమ్మా అన్నాను. బిడ్డ మీద ఒట్టు పెట్టబోతే, పిల్లల మీద ఒట్లేందని కసిరింది. ఆ రోజు నేను అబద్ధం చెప్పే పిల్లను కాదట. చదువుకున్నదాన్ని, ఆమె చేతుల్లో పెరిగినదాన్ని, ఒక మనిషి చావుబతుకుల్లో ఉంటే ఊరుకుంటానా అట. ఇప్పుడు ఈ ముసలిదాని మీద జాలితో కథ అల్లుకొచ్చానట. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ కంప్యూటర్లు మారిపోయాయి, సారు రిటైరై ఎక్కడున్నారో తెలియదు. ఉన్నా, ఆమెకు చదువు రాదు. మళ్ళీ నేనే చదివి చెప్పాలి. ఎంత మొత్తుకున్నా ఆమె నవ్వుతూనే ఉంది. నేను చెప్పిన అబద్ధాన్ని ఒక్కమాటలో నమ్మిన మనిషి, నిజాన్ని గంటసేపు చెప్పినా నమ్మలేదు. ఇంకేం చేయను? ఇంకెవరి దగ్గరికి పోను?

పురానాపూల్ వెళ్ళాలి, తెలుసు. అతను ఇంకా అక్కడే ఉన్నాడో లేదో కనుక్కోవాలి. వంతెన దాకా రెండుసార్లు పోయి తిరిగొచ్చాను. మూడోసారి ఏమవుతుందో మీకు మాటివ్వలేను. నా మాట విలువెంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

ఆ రోజు అత్తమ్మ నన్ను తినకుండా కదలనివ్వలేదు. వేడన్నం పెట్టింది. కొత్త ఆవకాయ వేసింది. జాడీలోంచి చెంచాతో తీసి, చెయ్యి తగలకుండా, జాగ్రత్తగా. నేను తలదించుకుని తిన్నాను.

ఇది నేను మీకెందుకు చెప్పానంటే, క్షమించమని కాదు. క్షమించాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఇంకొకరికి నేను తప్పు చేశానన్న నమ్మకమే లేదు. ఆ ఇంటి బయట ఒక్క మనిషికైనా సంగతి తెలిసి ఉండాలని చెప్పాను. ఆమె నమ్మలేదు. మీరైనా నమ్మండి. మా అత్తమ్మ చేతిలో ఏ దోషమూ లేదు. ఆ శనివారం ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నది నేను.